పిడుగుపాటు వలన గృహ కంప్యూటర్లకు కలిగే నష్టం

పిడుగు పడినపుడు జనించే అధిక విద్యుత్ తరంగం విద్యుత్ తీగలు, టెలిఫోను తీగలు, నెట్‌వర్కు కేబుళ్ళ ద్వారా ఇళ్ళలోనికి ప్రవేశించి కంప్యూటర్లను, మోడెంలను, రౌటర్లను పాడుచేయును. ఇందుకు పిడుగు ఆ ఇంటిపైననే పడనవసరం లేదు. కొన్ని వందల మీటర్ల దూరంలో పడిన పిడుగు సైతం తీగలలో ప్రేరిత విద్యుత్తును కలిగించి సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలను నిరుపయోగం చేయగలదు. తీగలు దట్టంగా అల్లుకొని ఉన్న నగర ప్రాంతాలలో ఈ రెండవ విధమైన నష్టమే అధికం. ఈ వ్యాసంలో హైదరాబాదు నగర మధ్యభాగంలోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని నష్టానికి కారణాలు, నివారణోపాయాలు వివరించబడినవి.

నేపథ్యం

అబిడ్స్ హైదరాబాదులోని పాత వ్యాపార కేంద్రాలలో ఒకటి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వద్ద పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ నడిపిన దుకాణం వలన ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చినది. నగర ప్రధాన తపాలా కార్యాలయం ఇచ్చటనే ఉన్నది. దీనికి ఆనుకొని ఉన్న నాంపల్లిలో 1907లో ప్రారంభమైన హైదరాబాదు దక్కన్ రైల్వే స్టేషను, పబ్లిక్ గార్డెన్స్, ఏటా నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ మైదానం ఉన్నాయి. సెల్‌ఫోను దుకాణాలకు పేరుపొందిన జగదీష్ మార్కెట్ అబిడ్స్‌లోను, విద్యుత్ సామగ్రి దొరికే ట్రూప్ బజారు అబిడ్స్, కోఠీల మధ్యన ఉన్నాయి. పాతకాలపు మేడలు, బహుళ అంతస్తుల వ్యాపార సముదాయాలు, వాటి వెనుక వీధులలో నివాస గృహాలు కలగలసి ఉండుట ఈ ప్రాంతపు లక్షణం.

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను విదేశ్ సంచార్ నిగం లిమిటెడ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించినది. మొదట అందరూ టెలిఫోను తీగకు మోడెం తగిలించి డయలప్ పద్ధతిలో ఇంటర్నెట్ వాడేవారు. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగం లిమిటెడ్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండు సేవను ఆరంభించినది. అదే దశాబ్దంలో హైదరాబాదులో కేబుల్ ఆపరేటర్ల ద్వారా వచ్చే ఇంటర్నెట్ బాగా వ్యాపించినది. ఈ పద్ధతిలో డాబాల మీద, విద్యుత్ స్తంభాల మీద చిన్న స్విచ్చులను అమర్చి, అక్కడి నుండి రాగి ఈథర్నెట్ కేబులును నేరుగా ఇంటిలోని కంప్యూటరుకు లాగేవారు. భవనం లోపల వాడుకొనుటకు ఉద్దేశించిన కేబులు ఈ విధంగా ఒక డాబా నుండి మరొక డాబాకు ఆరుబయట వేలాడుట వలన కంప్యూటర్లకు పిడుగు భయం పెరిగినది.

పిడుగు స్వభావం

హైదరాబాదులో పిడుగులు ఎక్కువగా వేసవిలో, అనగా మార్చి చివరి నుండి మృగశిర కార్తె వరకు సాయంత్రం వేళలలో వచ్చే గాలివానలతోను, తిరిగి నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే సమయంలోను కనిపిస్తాయి. పగటి ఎండకు వేడెక్కిన తేమగాలి పైకి లేచి క్యుములోనింబస్ మేఘాలుగా మారును. ఆ మేఘాలలో మంచు కణాలు ఒకదానితో ఒకటి రాపిడి చెంది విద్యుదావేశాలు వేరుపడును. సాధారణంగా మేఘం అడుగుభాగాన ఋణావేశం చేరును. ఈ ఆవేశం భూమికి ప్రవహించుటయే పిడుగు. మేఘాల నడుమనే జరిగే ఉత్సర్గం మెరుపుగా మాత్రమే కనిపించును.

ఒక సామాన్యమైన పిడుగులో విద్యుత్ ప్రవాహం సుమారు 30,000 ఆంపియర్లు ఉండును. అరుదుగా 2,00,000 ఆంపియర్ల వరకు కూడా చేరును. పిడుగు మార్గంలో గాలి ఉష్ణోగ్రత దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు పెరుగును. ఇది సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రతకు సుమారు ఐదు రెట్లు. అయితే కంప్యూటర్లకు హాని చేసేది ఈ వేడి కాదు. ప్రవాహం ఒకటి రెండు మైక్రోసెకన్లలోనే శూన్యం నుండి వేల ఆంపియర్లకు పెరుగుటయే అసలు ప్రమాదం.

తెలుగు నాట పిడుగులు సామాన్యమైన విషయం కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్ర ప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు ఆ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించినది. భారతదేశంలో ఏటా రెండు వేలకు పైగా జనం పిడుగుపాటుకు మరణిస్తున్నారు. కావున యంత్రాల రక్షణ కన్నా మనుషుల రక్షణ ముఖ్యమన్న సంగతిని ఈ వ్యాసం చదివేటపుడు గుర్తుంచుకొనవలెను.

నష్టం కలిగే మార్గాలు

పిడుగు ప్రభావం కంప్యూటరును చేరుటకు ప్రధానంగా నాలుగు మార్గాలు ఉన్నాయి.

1. ప్రత్యక్ష పాతం: పిడుగు నేరుగా భవనంపై గాని, భవనంలోనికి వచ్చే తీగపై గాని పడుట. ఇది అరుదు. కాని జరిగినపుడు సామాన్య రక్షణ పరికరాలేవీ దీనికి ఆగవు.

2. విద్యుత్ సరఫరా తీగలు: వీధిలోని విద్యుత్ లైనుపై గాని, దాని సమీపంలో గాని పిడుగు పడినపుడు లైనులో వేల వోల్టుల తరంగం పుట్టి ట్రాన్స్‌ఫార్మరును దాటి ఇళ్ళకు చేరును. ఇంటికి వచ్చే సాధారణ సరఫరా 230 వోల్టులు మాత్రమే.

3. ప్రేరణ: తీగలు కలిసి ఒక వలయంగా ఏర్పడినపుడు, సమీపంలోని పిడుగు అయస్కాంత క్షేత్రం వలన ఆ వలయంలో వోల్టేజి ప్రేరితమగును. కంప్యూటరుకు విద్యుత్ తీగ గోడలోని ప్లగ్గు నుండి, నెట్‌వర్కు కేబులు డాబా మీది నుండి వచ్చినపుడు ఆ రెండూ కలిసి పెద్ద వలయం ఏర్పడును. ఉదాహరణకు, 100 మీటర్ల దూరంలో పడిన పిడుగులో ప్రవాహం మైక్రోసెకనుకు 30,000 ఆంపియర్ల చొప్పున పెరిగినదనుకొనిన, 10 చదరపు మీటర్ల వలయంలో సుమారు 600 వోల్టులు, 50 చదరపు మీటర్ల వలయంలో సుమారు 3,000 వోల్టులు ప్రేరితమగును. ఈథర్నెట్ ప్రమాణాల ప్రకారం నెట్‌వర్కు పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మరు తట్టుకొనవలసిన పరీక్షా వోల్టేజి 1,500 వోల్టులు. ఎక్కడో పిడుగు పడినపుడు ఇక్కడి ల్యాన్ పోర్టు ఎందుకు కాలినదో ఈ లెక్క వలన తెలియును.

4. భూ విభవ వృద్ధి: పిడుగు ప్రవాహం ఒక భవనపు ఎర్తింగు ద్వారా భూమిలోనికి పోవునపుడు ఆ ప్రదేశంలో నేల విభవమే పెరుగును. ఎర్తింగు నిరోధం 5 ఓమ్‌లు అనుకొనిన, 30,000 ఆంపియర్ల ప్రవాహానికి అక్కడి విభవం 1,50,000 వోల్టులకు చేరును. పక్క భవనపు ఎర్తింగు మాత్రం మామూలు స్థితిలోనే ఉండును. ఈ రెండు భవనాలను ఒక రాగి కేబులు కలుపుచున్నచో ఆ భేదమంతా కేబులు రెండు చివరల ఉన్న పరికరాలపై పడును.

డయలప్ రోజులలో మోడెంలు తరచుగా పాడగుటకు కూడ ఇదే కారణం. టెలిఫోను తీగపై వచ్చిన తరంగం మోడెం కార్డులోనికి ప్రవేశించి, మదర్‌బోర్డు మీదుగా కంప్యూటరు ఎర్తింగుకు పోయేది. పోతూ పోతూ దారిలోని భాగాలను దెబ్బతీసేది.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతపు ప్రత్యేకతలు

ఈ ప్రాంతంలో ఎత్తయిన భవనాలు, సెల్‌ఫోను టవర్లు అధికం. కనుక సామాన్యమైన రెండంతస్తుల ఇంటిపై పిడుగు నేరుగా పడే అవకాశం తక్కువ. కాని ఎత్తయిన కట్టడంపై పడిన పిడుగు ప్రభావం చుట్టుపక్కల తీగలన్నిటిపై ఉండును. పిడుగు తాకని ఇంటిలో కూడా రౌటరు కాలిపోవుట ఇందువలననే.

హైదరాబాదు నేల ప్రధానంగా గ్రానైటు శిలలతో కూడినది. చాలా చోట్ల కొద్ది అడుగుల లోతులోనే రాయి తగులును. రాతి నేలకు విద్యుత్ నిరోధకత ఎక్కువ. వేసవిలో మట్టి ఎండిపోయినపుడు ఇది మరింత పెరుగును. పిడుగులు అధికంగా పడేది కూడా సరిగా ఆ కాలంలోనే. ఈ కారణంగా బొగ్గు, ఉప్పు వేసి ఇనుప గొట్టం పాతిన సంప్రదాయ ఎర్తింగు గుంతలో క్రమం తప్పక నీరు పోయనిచో అది పేరుకు మాత్రమే ఎర్తింగుగా మిగులును.

పాత మేడలలో రెండు పిన్నుల ప్లగ్గులు, ఎర్తు తీగ లేని వైరింగు ఇంకను కనిపించును. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన దాని వెనుక ఎర్తు తీగ ఉన్నదని నమ్మరాదు. అర్హతగల విద్యుత్ పనివారితో పరీక్షింపజేయుటయే మార్గం.

2025 ఆగస్టులో రామంతపూర్‌లో శ్రీకృష్ణుని రథం ఊరేగింపులో విద్యుదాఘాతం వలన పలువురు మరణించిన తరువాత, నగరంలో విద్యుత్ స్తంభాలపై వేలాడే కేబుళ్ళ తొలగింపు ముమ్మరమైనది. అది పిడుగు వలన జరిగిన ప్రమాదం కాదు. కాని విద్యుత్ స్తంభాలను, ఇంటర్నెట్ కేబుళ్ళను కలగలిపి ఉంచుట ఎంత అపాయకరమో అందరికీ తెలియజేసిన ఘటన అది.

నష్టపోయే భాగాలు

* నెట్‌వర్కు పోర్టు: అన్నిటికన్నా ముందుగా పాడయ్యేది ఇదే. తరచుగా కంప్యూటరు మామూలుగానే పనిచేయును గాని కేబులు తగిలించినా దీపం వెలగదు. కొత్త ల్యాన్ కార్డు గాని, యూఎస్‌బీ అడాప్టరు గాని వాడి కంప్యూటరును తిరిగి ఉపయోగించుకొనవచ్చును.
* రౌటరు, మోడెం, స్విచ్చి: ఒక పోర్టు మాత్రమే పోవచ్చును, లేదా పరికరమంతా పోవచ్చును. కొన్నిసార్లు దాని అడాప్టరు మాత్రమే కాలును.
* పవర్ సప్లై: కంప్యూటరు పెట్టెలోని ఈ భాగం విద్యుత్ తీగ ద్వారా వచ్చిన దెబ్బను ముందుగా గ్రహించును. ఇది మాత్రమే పాడయినచో మార్చుకొనుట సులభం.
* మదర్‌బోర్డు: ప్రాసెసరు వంటి భాగాలు సుమారు ఒక వోల్టుపై పనిచేయును. కావున అతి స్వల్పమైన తరంగం కూడా వీటికి ప్రాణాంతకమే.
* హార్డుడిస్కు: దీని సర్క్యూటు బోర్డు కాలినను లోపలి పళ్ళెములపై ఉన్న సమాచారం చాలా సార్లు చెక్కుచెదరదు. నిపుణులు దానిని తిరిగి రాబట్టగలరు. అయితే అందుకు అయ్యే ఖర్చు కొత్త కంప్యూటరు ధరను మించవచ్చును.

కొన్ని భాగాలు వెంటనే పాడుకాక బలహీనపడి, కొన్ని వారాల తరువాత పనిచేయుట మానివేయును. దీనిని గుప్త నష్టం అనవచ్చును. గాలివాన వెలిసిన నాడు అంతా బాగున్నదని తలచినవారు నెల తరువాత కారణం తెలియక తికమకపడుట ఇందువలననే.

పిడుగు అనిపించే ఇతర నష్టాలు

గాలివాన సమయంలో జరిగే ప్రతి నష్టమూ పిడుగు వలన జరిగినది కాదు. గాలికి విద్యుత్ లైనులోని న్యూట్రల్ తీగ తెగినపుడు ఒక ఫేజుకు చెందిన ఇళ్ళకు 230 వోల్టులకు బదులు దాదాపు 400 వోల్టుల వరకు రావచ్చును. ఇట్టి సందర్భాలలో ఫ్యానులు అతి వేగంగా తిరుగుట, దీపాలు మిక్కిలి ప్రకాశంగా వెలిగి కాలిపోవుట గమనించవచ్చును. పోయిన కరెంటు తిరిగి వచ్చు క్షణంలో కూడ వోల్టేజి హెచ్చుతగ్గులు ఉండును. విద్యుత్ ద్వారా వచ్చిన దెబ్బ అయినచో పవర్ సప్లై ముందు పోవును. నెట్‌వర్కు పోర్టు మాత్రమే పోయి మిగిలినదంతా బాగున్నచో అది కేబులు ద్వారా వచ్చిన ప్రేరిత తరంగమని ఊహించవచ్చును.

నివారణోపాయాలు

తీగలు ఊడదీయుట: ఖర్చు లేనిది, అన్నిటికన్నా నమ్మదగినది ఈ పద్ధతి. స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చి లోపలి ఖాళీ కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. కిలోమీటర్ల దూరం గాలిని చీల్చుకొని వచ్చిన విద్యుత్తుకు ఆ ఖాళీ అడ్డు కాదు. విద్యుత్ ప్లగ్గుతో పాటు నెట్‌వర్కు కేబులును, టెలిఫోను తీగను కూడ తీసివేయవలెను. ప్లగ్గు తీసి కేబులు వదిలివేయుట చాలామంది చేసే పొరపాటు. ఈ పని ఉరుములు వినిపించక ముందే చేయవలెను. గాలివాన నెత్తిమీదికి వచ్చిన తరువాత తీగలను ముట్టుకొనుట ప్రాణాపాయం. ఆ సమయానికి ఊడదీయనిచో యంత్రాన్ని దాని మానాన వదిలివేయుటయే మేలు.

దూరాన్ని అంచనా వేయుట: మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించుటకు ప్రతి 3 సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరాన్ని లెక్కించవచ్చును. ఈ వ్యవధి 30 సెకన్లకు తగ్గినచో పిడుగు 10 కిలోమీటర్ల లోపున ఉన్నట్లు. చివరి ఉరుము వినిపించిన 30 నిమిషాల వరకు తిరిగి తీగలను తగిలించరాదు. పుణె లోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన దామిని అను సెల్‌ఫోను అనువర్తనం ద్వారా సమీపంలోని పిడుగుల సమాచారం తెలుసుకొనవచ్చును. బేగంపేటలోని వాతావరణ కేంద్రం కూడ ఉరుములతో కూడిన వర్షాలపై హెచ్చరికలు జారీ చేయును.

తరంగ రక్షకాలు: ఇవి విద్యుత్ తరంగాన్ని ఎర్తింగుకు మళ్ళించును. జింకు ఆక్సైడుతో తయారైన వేరిస్టర్లు, వాయు ఉత్సర్గ నాళాలు, ప్రత్యేక డయోడ్లు వీటిలో వాడబడును. ఇంటి ప్రధాన విద్యుత్ పెట్టెలో ఒకటి, కంప్యూటరు వద్ద మరొకటి ఉండుట మంచిది. బజారులో స్పైకు గార్డు పేరుతో అమ్మబడే వాటిలో కొన్ని కేవలం ఎక్స్‌టెన్షన్ బోర్డులే. లోపల వేరిస్టరు ఉన్నదో లేదో చూచి కొనవలెను. ఎర్తింగు లేని ప్లగ్గులో ఎంత ఖరీదైన రక్షకమైనను పూర్తిగా పనిచేయదు. వేరిస్టరు ప్రతి దెబ్బకు కొంత అరిగిపోవును గనుక సూచిక దీపం ఆరిపోయిన రక్షకాన్ని మార్చవలెను.

పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం అన్న సామెత ఇక్కడ చెల్లదు. విద్యుత్ తీగకు పెట్టిన రక్షకం నెట్‌వర్కు కేబులును కాపాడదు. ఏ తీగకు తగిన రక్షకం ఆ తీగకు విడిగా ఉండవలెను.

సమాన విభవ అనుసంధానం: కంప్యూటరు కోసం ప్రత్యేకంగా వేరే ఎర్తింగు గుంత తీయించి, దానిని ఇంటి ఎర్తింగుతో కలపకుండా ఉంచుట కొన్ని చోట్ల కనిపించును. ఇది మేలు కన్న కీడు చేయును. పిడుగు సమయంలో రెండు గుంతల మధ్య విభవ భేదం ఏర్పడి పరికరం మీద పడును. భవనంలోని ఎర్తింగులన్నిటిని ఒకదానితో ఒకటి కలుపుట సరియైన పద్ధతి. భారతీయ ప్రమాణాలలో ఎర్తింగుకు ఐ.ఎస్. 3043, భవనాల పిడుగు రక్షణకు ఐ.ఎస్./ఐ.ఇ.సి. 62305 వర్తించును.

కాంతి తంతువు, వైర్‌లెస్: గాజుతో చేసిన కాంతి తంతువు విద్యుద్వాహకం కాదు. ఇంటి వరకు ఫైబరు వచ్చుట వలన నెట్‌వర్కు కేబులు ద్వారా కలిగే ముప్పు చాలా వరకు తగ్గినది. అయినను కొన్ని ఫైబరు కేబుళ్ళలో ఆధారం కొరకు ఉక్కు తీగ ఉండును. దానిని ఇంటి పరికరాల వరకు రానీయరాదు. ఫైబరు పెట్టె అడాప్టరు విద్యుత్తు పైననే పనిచేయును గనుక దానిని కూడ ఊడదీయవలెను. డాబాపై కెమేరాలకు లాగిన రాగి కేబుళ్ళు ఈనాటికీ పాత ముప్పునే కలిగి ఉన్నాయి. బ్యాటరీపై నడుస్తూ ఏ తీగకూ తగిలించని ల్యాప్‌టాపుకు ఈ భయం లేదు.

నకలు ఉంచుకొనుట: యంత్రం పోయినచో కొనుక్కొనవచ్చును. విద్యార్థి ప్రాజెక్టు, కుటుంబ ఛాయాచిత్రాలు, చిన్న వ్యాపారి లెక్కలు పోయినచో తిరిగి రావు. నకలు తీసిన డిస్కును కంప్యూటరుకు ఎల్లవేళలా తగిలించి ఉంచినచో రెండూ ఒకే దెబ్బకు పోవును. పని ముగియగానే దానిని విడదీసి దాచవలెను.

అపోహలు

* పిడుగు ఒకసారి పడిన చోట మళ్ళీ పడదు అనునది నిజం కాదు. ఎత్తయిన కట్టడాలపై పలుమార్లు పడును.
* పిడుగు వాహకం ఉన్న భవనంలో కంప్యూటర్లకు భయం లేదనుకొనుట పొరపాటు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కనిపెట్టిన ఈ సాధనం భవనాన్ని కాపాడును గాని తీగలలోని ప్రేరిత విద్యుత్తును ఆపదు.
* యూ.పి.ఎస్. ఉన్నచో చాలుననుట సరికాదు. అది కరెంటు పోయినపుడు పని ఆగకుండా చూచును. చాలా యూ.పి.ఎస్.లలో తరంగ రక్షణ స్వల్పమే. స్టెబిలైజరు సంగతి కూడ ఇంతే. మైక్రోసెకన్లలో వచ్చే తరంగానికి అది స్పందించలేదు.
* సెల్‌ఫోను పిడుగును ఆకర్షించదు. కాని ఛార్జరుకు తగిలించి మాట్లాడుట, తీగ ఉన్న టెలిఫోనును వాడుట ప్రమాదకరం.
* ఉరిమినపుడు అర్జునుని పేర్లు తలచుకొనుట తెలుగువారిలో ఆచారం. అది మనసుకు ధైర్యమిచ్చును. తీగలు ఊడదీయుట మాత్రం మరువరాదు.

నష్టం జరిగిన తరువాత

గాలివాన పూర్తిగా వెలిసిన తరువాతనే పరికరాలను పరిశీలించవలెను. కాలిన వాసన వచ్చినచో ప్లగ్గు పెట్టి పరీక్షించరాదు. మొదట రౌటరును, తరువాత కేబులును, చివరగా కంప్యూటరును ఒక్కొక్కటిగా పరీక్షించిన యెడల దోషం ఎక్కడ ఉన్నదో తెలియును. హార్డుడిస్కును విడదీసి వేరొక కంప్యూటరులో చూచుట వలన అనవసరంగా సమాచారాన్ని పోగొట్టుకొనకుండ ఉండవచ్చును.

బీమా విషయంలో ఒక మెలిక ఉన్నది. భారతదేశంలోని ప్రామాణిక అగ్ని బీమా పాలసీలో పిడుగు వలన కలిగే నష్టానికి రక్షణ ఉన్నది. అయినను విద్యుత్ పరికరంలో అధిక వోల్టేజి, షార్టు సర్క్యూటు వంటి వాటి వలన ఆ పరికరానికే కలిగిన నష్టం, దానికి కారణం పిడుగే అయినను, మినహాయింపుల కిందకు వచ్చును. పిడుగు వలన ఇల్లు కాలినచో పరిహారం లభించవచ్చును గాని రౌటరు మాత్రమే కాలినచో లభించకపోవచ్చును. పాలసీ తీసుకొనునపుడే ఎలక్ట్రానిక్ పరికరాలకు ప్రత్యేక రక్షణ ఉన్నదీ లేనిదీ చదివి తెలుసుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* పిడుగు
* ఎర్తింగు
* ఈథర్నెట్
* అబిడ్స్
* నాంపల్లి